బావ కోటు టైటు చేసిన పూట

నోట్లో గుండుసూదులు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మాటకి నేనూ ఏదో ఒకటి అనేసేవాణ్ణి, ఆయన కోటు విప్పి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయేవాడు, మా అక్క ఆయన వెనకాల పరిగెత్తాలో నన్ను తిట్టాలో తెలియక గుమ్మంలో నిలబడి ముక్కు చీదేది. "ఏరా బామ్మర్దీ, చేతులు వణుకుతున్నాయా?" అన్నాడు అద్దంలోంచి నన్ను చూస్తూ. వణికేవి ఆయన చేతులు. పక్కలకి ఎత్తి నిలబడు బావా అంటే, దండెం మీద చొక్కా గాలికి ఆడినట్టు ఆడుతున్నాయి రెండూ, ఆ వణుకు గుడ్డలోంచి నా వేళ్ళకి తెలుస్తోంది, పైగా వణుకు నాదట. వెనకాల వంగి, నడుం దగ్గర వదులుగా ఉన్నదంతా పట్టి చూస్తే పిడికిలి నిండింది. ఇంకా పడితే ఇంకా వస్తోంది. ఇంతకీ ఈ మనిషి ఇందులో ఎక్కడున్నాడ్రా అనిపించింది. దర్జీల్లో అందరూ ఈయన్ని గజమున్నర అనేవాళ్ళు, ఎదురుగా కాదు, వెనకాల. ఆయన కొలత తియ్యాలంటే టేపు ఒకడి చేతికిచ్చి ఇంకొకడు చుట్టూ తిరిగి రావాలని నవ్వుకునేవాళ్ళం. ఆ గజమున్నర ఇప్పుడు తన కోటు లోపల తనే తప్పిపోయి నిలబడ్డాడు. నాకు జాలి వెయ్యలేదు. ఈ మాట ఇలాగే రాయి తల్లీ, తాతకి మనసు కరిగిందనీ గిరిగిందనీ నీ సొంతంగా కలపకు. కరగలేదు. సూది తీసి గుచ్చాను, గుడ్డకే గుచ్చాను, వేలు అర అంగుళం అటు జరిగితే ఒంటికే దిగేది, ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఊపిరి బిగబట్టాడు. ఆ కాస్త భయం చూసి నాకు కడుపు చల్లగా అయింది.

పొద్దున షట్టరు సగమే లేపాను, ఇంకా ఊడవను కూడా లేదు. కింద సందులోంచి ముందు అక్క చెప్పులు కనిపించాయి, వాటి పక్కన మగవాళ్ళ బూట్లు, పాలిష్ చేసినవి. ఆ బూట్లు ఎవరివో మడమ అరిగిన తీరు చూసే పోల్చుకున్నాను. కుడి మడమ బయటి వైపుకి అరుగుతుంది ఆయనకి, చిన్నప్పటి నుంచీ మిషను తొక్కిన కాలు. మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాక మీ నాన్నకి పెళ్ళయింది, నువ్వు పుట్టావు, ఇదిగో ఇంత దానివై నా మాటలు రాస్తున్నావు. ఇన్నేళ్ళూ అక్క వచ్చేది, కూర్చునేది, వెళ్ళేది. ఆయన ఊసు ఇక్కడ ఎత్తేది కాదు, నా ఊసు అక్కడ ఎత్తేది కాదు. మధ్యలో గోడ ఉన్న ఇంట్లో రెండు గదులూ తనే ఊడుస్తున్నట్టు బతికింది. షట్టరు పూర్తిగా లేపితే మొహాలు కూడా చూడాల్సి వస్తుందని కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాను. "ఎత్తరా, వంగలేను," అంది అక్క. ఎత్తాను. అక్క చేతిలో పాత దుప్పటిలో చుట్టిన మూట. దాంట్లో ఈ కోటు.

సంగతేమిటంటే మధ్యాహ్నం సంఘం మీటింగు. దర్జీల సంఘానికి ఎప్పటి నుంచో ఈయనే పెద్ద. ఈ మధ్య ఆసుపత్రి పాలై, నెలల తరబడి ఇంట్లో పడుకుని, మనిషి బయటికి రాకపోయేసరికి రోగిష్టివాడికి కుర్చీ ఎందుకని గుసగుసలు మొదలయ్యాయి. ఈ పూట చేతులెత్తి తేల్చేస్తారు. ఆయన వెళ్ళి నిలబడాలి, నేను బాగున్నాను అనిపించుకోవాలి. మామూలు జనం ముందైతే పర్వాలేదు, పౌడరు రాసుకుని గట్టిగా మాట్లాడితే గట్టెక్కొచ్చు. అక్కడుండేది అందరూ దర్జీలు. భుజం జారిందో, చంక కింద గాలి ఆడుతోందో, ఎన్ని అంగుళాలు కరిగాడో గుమ్మంలోంచే లెక్కగట్టేస్తారు. హేంగరుకి తగిలించిన కోటులా వెళ్తే కూర్చోక ముందే కుర్చీ పోతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన దిగిపోవాలని చెయ్యెత్తే వాళ్ళలో నేనూ ఉన్నాను. అది అక్కకి తెలుసు, ఆయనకి అంతకన్నా బాగా తెలుసు.

"వీధి నిండా దర్జీలే, మీ ఆయనకి నా కొట్టే దొరికిందా?" అన్నాను అక్కతో. ఆయనతో కాదు, ఆయన మొహం చూడలేదు.

ఆయనే జవాబు చెప్పాడు. "వాళ్ళ దగ్గరికి వెళ్తే మీటింగు మొదలయ్యే లోపే నా నడుం కొలత వీధంతా చదువుతుంది."

"నేను చెప్పననుకున్నావా?"

"చెప్పు. మైకు పెట్టి చెప్పు. ఎవడు నమ్ముతాడురా? నా మీద నువ్వు చెప్పని చెడు ఏదన్నా మిగిలిందా? బామ్మర్దికి కుళ్ళు, బతికున్న బావని పాడె ఎక్కిస్తున్నాడు అనుకుంటారు. నీ అంత నమ్మకమైన మనిషి ఈ వీధిలో నాకు ఇంకోడు లేడు."

అక్క నవ్వాపుకోడానికి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. మండింది ఎందుకంటే ఆ మాట నిజం. ఇన్నేళ్ళు నేను పోగేసుకున్న కోపాన్ని తీసుకెళ్ళి తన జేబులో తాళంలా వేసుకున్నాడు. వెళ్ళిపొండి అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అప్పటికే ఆయన అద్దం ముందుకెళ్ళి చేతులు ఎత్తి నిలబడ్డాడు, కొట్టు తనదైనట్టు.

టేపు తీసి ఛాతీ చుట్టాను. ఈ టేపు అంటే ఆయన కొట్లో అదొక నాటకం. నేను అక్కడ పనిలో ఉన్న రోజుల్లో, ఆయన కొలత తీస్తూ అంకెలు అరిచేవాడు. రాసుకునేవాడు పక్కనే ఉన్నా అరిచేవాడు. సన్నవాళ్ళకి మెల్లగా, లావువాళ్ళకి వీధి అవతలకి వినిపించేలా. పాపం ఒకాయన, బ్యాంకులో పనిచేసే లావుపాటాయన, పొట్ట లోపలికి పీల్చుకుని మొహం ఎర్రగా చేసుకుని నిలబడితే, "పీల్చకండి సార్, రేపు అన్నం తిన్నాక బొత్తాలు నన్ను తిడతాయి," అని అందరూ వినేలా అని, వదిలిన పొట్ట కొలత ఇంకా గట్టిగా అరిచాడు. మేమందరం నవ్వాం. ఆయన నవ్వించాలనుకుంటే నవ్వకుండా ఉండలేం, అదీ ఆయన దగ్గరున్న చెడ్డ విద్య. ఇప్పుడు నా టేపు ఆయన చుట్టూ తిరిగి వచ్చి, రెండు కొసలూ కలిసిన చోట అంకె చూశాను. ఆయన అద్దంలో నా నోటి వైపే చూస్తున్నాడు, అరుస్తాడా వీడు అని. వీధిలో కూరగాయల బండివాడు ఆగి ఉన్నాడు, ఎదురు కొట్లో చెప్పులు కుట్టేవాళ్ళు ఉన్నారు, షట్టరు బార్లా తెరిచి ఉంది. నోట్లో సూదులు. మిగిలిన సూదులు గుచ్చేశాక కూడా రెండు నోట్లోనే ఉంచుకున్నాను. ఎందుకుంచుకున్నానో నాకు తెలుసు, ఆయనకి తెలియనివ్వలేదు.

కోటు విప్పించి బల్ల మీద తిరగేసి పరిచాను. ఆయన్ని వెళ్ళి కూర్చోమంటే ముక్కాలి పీట లాక్కుని బల్లకి ఎదురుగానే కూర్చున్నాడు. నా చేతికి గుడ్డ ఇచ్చి కళ్ళు తిప్పుకునే నమ్మకం లేదు మరి. లైనింగు ఊడదీసి, బ్లేడు తీసుకుని పక్క కుట్టు విప్పడం మొదలుపెట్టాను. ఈ కోటు ఆయన సొంత చేత్తో కుట్టుకున్నది, చేతులు బాగున్నప్పుడు. విరోధి వేసిన కుట్టు విప్పడమంటే ఏమిటో నీకు ఎలా చెప్పను తల్లీ. ఆ మనిషి మెడ వంపూ, ఊపిరీ, కాలు ఎక్కడ నెమ్మదించాడో, ఎక్కడ విసుగొచ్చి గట్టిగా తొక్కాడో అన్నీ కనిపిస్తాయి. వెతికాను, ఎక్కడన్నా వంకర దొరుకుతుందేమోనని. చంక మలుపు దగ్గర తప్పకుండా దొరకాలి, అక్కడ అందరికీ జారుతుంది. జారలేదు. ఒక్కొక్క కుట్టూ బియ్యపుగింజలు వరసన పేర్చినట్టు. బ్లేడు కొన పెట్టి టక్, టక్ అని తెంపుతూ పోయాను. నేను తెంపినప్పుడల్లా ఆయన కుడి కాలు నేల మీద చిన్నగా కదిలింది, అక్కడ తొక్కడానికి ఏమీ లేకపోయినా. మందుల వాసన, పాలిష్ వాసన. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతున్న వాసన. ఈ మూడో వాసన వస్తే నాకు ఎప్పుడూ ఆయన చెక్క స్కేలే గుర్తొస్తుంది. సూది పట్టడం తప్పితే వేళ్ళ కణుపుల మీద పడేది. నొప్పి కన్నా ఆ చప్పుడు, పక్కన అక్క వింటోందే అనే సిగ్గు. ఇప్పటికీ సూది పట్టేటప్పుడు నా చూపుడు వేలు దానంతటదే వంగుతుంది, ఆయన చెప్పిన వంపే. నలుగురిలో ఆయన్ని తిట్టి వచ్చి మిషను ముందు కూర్చుంటే, ఆ వేలు మాత్రం ఆయన మనిషే. దాన్ని చూస్తే నాకు అసహ్యం.

కుట్టు పూర్తిగా విడిపోయి రెండు ముక్కలూ విచ్చుకున్నాయి. లోపల చూసి చెయ్యి ఆపేశాను. మార్జిను, అంటే కుట్టుకి అవతల లోపల దాచి ఉంచే గుడ్డ, నాలుగు వేళ్ళ వెడల్పు ఉంది. నాలుగు వేళ్ళు! ముందు నవ్వొచ్చింది, తర్వాత నెత్తి మీద ఎవరో వేడి నీళ్ళు పోసినట్టయింది. ఆ కొట్లో ఎవడి బట్టకీ అర వేలు కూడా ఉంచనిచ్చేవాడు కాదు ఈ మనిషి. కుట్టు అయ్యాక కత్తెరతో బర్రున కోసెయ్యాలి, అది అక్కడి చట్టం. కోస్తే లోపల ఉబ్బు ఉండదు, బట్ట ఒంటికి అతికినట్టు కూర్చుంటుంది, చూసినవాడు ఆహా అంటాడు. అది పైకి చెప్పే మాట. రేపు ఆ మనిషి ఒళ్ళు చేస్తే విప్పడానికి లోపల ఏమీ ఉండదు, మళ్ళీ కొత్తది కుట్టించుకోక చస్తాడు. ఇది చెప్పని మాట. కోసిన పట్టీలన్నీ గోనెలో కుక్కితే, దిండ్లు కుట్టేవాడు వచ్చి ఎత్తుకెళ్ళేవాడు. జనం లావెక్కే హక్కుని గోనెలో కుక్కి అమ్మేవాళ్ళం అన్నమాట. తన కోటుకి మాత్రం నాలుగు వేళ్ళు! తను మాత్రం ఇంకా తింటాడు, ఇంకా ఊరతాడు, గజమున్నర రెండు గజాలవుతాడు. ఆ నాలుగు వేళ్ళ గుడ్డ బొటనవేలితో మడిచి, చూశావా అన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన సిగ్గు పడాలిగా. గోడ మీద కేలెండరు చూస్తున్నాడు.

మాటలు ఆగిపోయిన రోజు కూడా ఇలాగే ఎటో చూశాడు. ఒక నర్సమ్మ వచ్చింది, మా దగ్గరే కుట్టించుకున్న తెల్ల డ్యూటీ గౌను తెచ్చింది. కాన్పయ్యి ఒళ్ళు చేసింది మనిషి, మళ్ళీ పనిలో చేరాలి, పక్కలు కాస్త విప్పి వదులు చెయ్యమంది. ఈయన తిరగేసి చూసినట్టు నటించి, "గుడ్డ సరిపోలేదమ్మా అప్పట్లో, నువ్వు తెచ్చిందే తక్కువ," అన్నాడు. ఆవిడ నిజమేననుకుని, పొరపాటు తనదే అన్నట్టు మొహం పెట్టుకుని మడతపెట్టుకుంటోంది. ఆ మొహం చూసి నా నోరు ఊరుకోలేదు. "తక్కువ తేలేదమ్మా, మేమే కోసేశాం," అన్నాను. కొట్లో మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఈయన గోడ వైపు చూశాడు. లేచి వచ్చి నా ముందున్న కత్తెర తీసుకుని వీధిలోకి విసిరాడు. దర్జీ కత్తెర వీధిలోకి విసరడమంటే వాడి మొహాన ఉమ్మినట్టే. నా మొదటి సంపాదనతో కొనుక్కున్న కత్తెర అది, మురిక్కాలవ అంచుకి తగిలి ముక్కు విరిగింది. వెళ్ళి ఏరుకున్నాను. వంగి ఏరుకుంటుంటే వెనకనించి, "పట్టీలు దొంగిలించి అమ్ముకుంటున్నాడని ఎప్పటి నుంచో అనుమానం," అన్నాడు అందరికీ వినిపించేలా, కొలతలు అరిచే గొంతుతో. అక్క గుమ్మం దగ్గర కూర్చుని బొత్తాం కాజా కుడుతోంది. తల ఎత్తలేదు. ఆ కాజా పూర్తి చేసి దారం కొరికింది. ఆ కొరికిన చప్పుడు కత్తెర పడిన చప్పుడు కన్నా నాకు ఎక్కువ వినిపించింది. ఆ మర్నాటి నుంచి వీధిలో నేను దొంగని. ఈ కొట్టు పెట్టుకున్నా చాలాకాలం ఖరీదైన గుడ్డ ఎవరూ నా చేతికి ఇవ్వలేదు. పాత బట్టలు బాగుచెయ్యడంతోనే బతికాను, విప్పడం, బిగించడం, అదే నా బతుకైంది. ఆ దొంగ చేతికే ఇప్పుడు సొంత కోటు ఇచ్చి కాపలా కూర్చున్నాడు.

"టీ తాగుతావా?" అంది అక్క, ఎవరినో తెలియకుండా. ఇద్దరం వద్దన్నాం, ఒకేసారి. అక్క బల్ల చివర కూర్చుని, నేను తెంపిన దారప్పోగులు గుడ్డలోంచి ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టింది. అలవాటున్న చేతులు, చూడకుండానే ఏరుతాయి. ఆ చేతులకి కూడా వయసొచ్చింది. ఆయన పక్కన పడుకుని ఆ పక్కటెముకలు రోజూ లెక్కపెట్టుకుంటున్న మనిషి కదా అనుకున్నాను. అనుకోకుండా ఉంటే బాగుండేది. సుద్ద తీసి కొత్త గీత గీశాను. పాత గీతకి ఎంతో లోపలికి. మామూలుగా టైటు చెయ్యడమంటే వేలెడు, రెండు వేళ్ళు. ఇక్కడ అరచెయ్యి పడుతోంది. ఛాతీ దగ్గర మరీ బిగిస్తే ఎముకలు చెప్పేస్తాయి, అక్కడ కాస్త గాలి వదిలి, నడుం దగ్గర లోపలికి లాగి, వీపు మీద నిలువుగా రెండు చిన్న మడతలేస్తే లోపల మనిషి ఉన్నట్టు ఉంటుంది. పని చెడగొట్టడం చాలా తేలిక. గీత ఒక పక్కకి కాస్త జరిపితే చాలు, ఎడమ భుజం దిగిపోతుంది, మీటింగులో నిలబడగానే అందరికీ తెలిసిపోతుంది, నేను చెయ్యెత్తే పని కూడా ఉండదు. సుద్ద అక్కడే పెట్టి కాసేపు ఆగాను. జరపలేదు. ఆయన మీద దయ కాదు. వంకర గీత నా చేతి నించి వస్తే, చూశారా, వీడి చెయ్యి మంచిది కాదని నేను అప్పుడే చెప్పానుగా అంటాడు. అన్నా అనకపోయినా అనుకుంటాడు. కచ్చాకుట్టు వేశాను, మిషను కుట్టుకి ముందు చేత్తో వేసే పెద్ద పెద్ద కుట్లు. ఇంకోసారి తొడిగించి చూశాను. కోటు ఒంటికి పట్టింది. అద్దంలో మనిషి కనిపించాడు, పాతవాడు కాదు, కానీ ఎవరో ఒక మనిషి. అక్క అద్దం వైపు చూసి మళ్ళీ తల దించుకుంది. ఆయన కాలరు సవరించుకుని, "ఏదో ఉందిలే," అన్నాడు.

విప్పి మళ్ళీ బల్ల మీద పరిచాను. ఇక్కడికొచ్చాక కష్టం మొదలైంది. కొత్త గీతకి అవతల, లోపల మిగిలిన గుడ్డ ఇప్పుడు నాలుగు వేళ్ళు కాదు, జానెడు. మిషను ఎక్కించే ముందు ఎవరినైనా ఒక మాట అడుగుతాం. మిగిలింది కోసెయ్యనా, లోపలే ఉంచనా అని. కోస్తే తేలిగ్గా, నున్నగా ఉంటుంది. ఉంచితే కాస్త ఉబ్బు, కానీ మళ్ళీ ఒళ్ళొస్తే విప్పుకోవచ్చు. పెళ్ళికూతురినైనా, పోలీసునైనా అడుగుతాం. అడగనిది ఒక్కరినే. జబ్బుతో కరిగిపోయినవాళ్ళని అడగం. మాట్లాడకుండా లోపల మడిచి కుట్టి ఇచ్చేస్తాం, ఇంట్లోవాళ్ళు చూసి వాళ్ళంతట వాళ్ళే అర్థం చేసుకుంటారు. ఎదురుగా కూర్చున్న ఈ మనిషి కూడా దర్జీయే. నేను అడక్కుండా ఉంచేశాననుకో, నువ్వు పోయేవాడివని నాకు తెలుసు బావా అని చెప్పినట్టు. అడక్కుండా కోసేశాననుకో, మళ్ళీ నీకు ఒళ్ళు రాదు, రాకూడదు అని నా నోటితో శపించినట్టు, నీ కొట్టు చట్టమే కదా అని పైకి అనొచ్చు గానీ. అడిగాననుకో, బతుకుతావా లేదా అని పెళ్ళాం ముందర మొహం మీద అడిగినట్టు. మూడింటిలో ఏది చేసినా చెంపదెబ్బే. ఇన్నేళ్ళూ ఆయన్ని ఎలా కొట్టాలా అని పడుకున్న మంచం మీద లేచి కూర్చున్న రోజులున్నాయి, ఇప్పుడు మూడు దెబ్బలు బల్ల మీద పరిచి ఉన్నాయి, ఏది కావాలో ఏరుకోమని. కత్తెర చేతిలోకి తీసుకున్నాను. ఆయన కేలెండరు వదిలేసి కత్తెర వైపు చూస్తున్నాడు. ఆ చూపులో అదే లెక్క నడుస్తోంది, నా లెక్కే, వీడు ఏం చేస్తాడు అని. వీధిలో కూరగాయల బండి కదిలి వెళ్ళిపోయింది. కత్తెర నోరు గుడ్డకి ఆనించాను. దయగా లోపల మడిచేస్తే ఆయన నా ముందు రోగి అవుతాడు, ఇంటికెళ్ళి మంచం దిగడు. రోగిని పట్టుకుని నేనేం పోట్లాడతాను? నాకు కావలసింది రోగి కాదు. నా కత్తెర ముక్కు విరగ్గొట్టిన వెధవ కావాలి నాకు.

"ఏం బావా," అన్నాను, ఏ బ్యాంకు గుమాస్తానో అడిగినట్టు. "మిగిలింది కోసెయ్యనా, ఉంచనా?"

దారాలు ఏరుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. నన్ను చూసిన చూపు, అమ్మ పోయిన రోజున కూడా అక్క నన్ను అలా చూడలేదు.

ఆయన ముక్కాలి పీట మీద ముందుకి జరిగాడు. ఆ జానెడు గుడ్డ అంచు పట్టుకుని, బొటనవేలితో రుద్దాడు, బజార్లో కొత్త తాను చూసినట్టు. తర్వాత ఆయన మొహం మీదకి ఒకటి వచ్చింది, లావుపాటాయన పొట్ట కొలత అరిచేటప్పుడు వచ్చేది.

"ఉంచరా. కొయ్యకు. నిన్ను మొయ్యడానికి రావాలి కదా నేను. ఆ రోజుకి మళ్ళీ గజమున్నర అయిపోతాను."

"అవుతావులే," అన్నాను.

"అవుతాను. కానీ అప్పుడు విప్పిపెట్టడానికి నువ్వుండవు, పాడె మీద పడుకుని ఉంటావు. అందుకని ఇప్పుడే చెబుతున్నా. చిన్న కుట్టు వెయ్యకు. పొడుగు కుట్టు వెయ్యి. ఏ వెధవైనా సులువుగా ఊడదీసేలా."

"పొడుగు కుట్టేస్తే గట్టిగా దగ్గినా ఊడుతుంది. మీటింగులో అందరి ముందరా ఊడుతుంది."

"దగ్గనులే," అన్నాడు. "నువ్వు కుట్టు."

మిషను ముందుకి జరిగి కూర్చున్నాను. కిందికి దింపేకొద్దీ కుట్టు పొడుగయ్యే మీట పట్టుకుని, ఉన్న చోటు నించి బాగా కిందికి దింపాను.